ఈగ పుట్టిల్లు మన పెంటకుప్పే



వానలు మొదలయ్యాక మన పిల్లల వార్డు ఎలా ఉంటుందో ఇక్కడికి వచ్చినవారికి తెలుసు. విరేచనాలతో వచ్చే పసివాళ్ళే ఎక్కువ. కళ్ళు లోపలికి పోయి, నాలుక పిడచగట్టి, ఏడ్చినా కన్నీరు రాని స్థితిలో తల్లులు ఒడిలో పెట్టుకుని తెస్తారు. సెలైన్ ఎక్కించి, ఓఆర్ఎస్ పట్టించి, కోలుకున్నాక ఇంటికి పంపుతాం. పంపేటప్పుడు నాలుగు మంచి మాటలు చెబుతాం. నీళ్ళు కాచి తాగించండి, చేతులు సబ్బుతో కడుక్కోండి, తినే పదార్థాల మీద మూత పెట్టండి అంటాం. ఈ మాటలు నేను ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నాను.

కిందటి వానాకాలంలో 14 నెలల బాబు ఒకడు రెండు నెలల్లో మూడోసారి వార్డులో చేరాడు. నేను తల్లిని కాస్త గట్టిగానే అడిగాను. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "సిస్టరమ్మా, మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను. నీళ్ళు కాచే పట్టిస్తున్నాను. అన్నం గిన్నె మీద మూత తియ్యడం లేదు. ఇంకేం చెయ్యమంటారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. బిడ్డను ఇంటికి పంపిన మూడో రోజున మన గ్రామ ఆరోగ్య విభాగం సిస్టర్‌ను వెంటబెట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను.

వాళ్ళది పాడి ఉన్న ఇల్లు. నాలుగు గేదెలు, రెండు దూడలు. ఇంట్లో గిన్నెలు శుభ్రంగా తోమి బోర్లించి ఉన్నాయి. కాచిన నీళ్ళ బిందె మీద మూత ఉంది. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. కానీ బాబు ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. వాడి మూతి చుట్టూ, కళ్ళ కొసల్లో, పక్కన పెట్టిన పాలసీసా పీక మీద ఈగలు ముసురుకుని ఉన్నాయి. వంటింటి వెనక పది అడుగుల దూరంలో గొడ్ల చావిడి. దాన్ని ఆనుకుని నడుమెత్తు పెంటకుప్ప.

ఈగల సంగతి ఎత్తితే బాబు తాత నవ్వాడు. "పాడి ఉన్న ఇంట్లో ఈగలుండవా అమ్మగారూ? గొడ్డున్నంత కాలం ఈగ ఉంటుంది" అన్నాడు.

నేను ఒక పుల్ల తీసుకుని కుప్ప అంచున తడిగా ఉన్న చోట కదిలించాను. తెల్లటి పురుగులు గుత్తులు గుత్తులుగా లుకలుకలాడాయి. "ఇవేమిటి పెద్దాయనా?" అని అడిగాను.

"పేడ పురుగులు."

"ఇవే వచ్చే వారం మీ మనవడి మూతి మీద వాలే ఈగలు" అన్నాను.

ఆయన నమ్మలేదు. "పురుగు పురుగే, ఈగ ఈగే. దానికీ దీనికీ ఏం సంబంధమమ్మా?" అన్నాడు. నలభై ఏళ్ళుగా పశువులను సాకుతున్న మనిషి. గేదె మేత ముట్టకపోతే చెవి పట్టుకుని జ్వరం ఉందో లేదో చెప్పగలడు. అయినా రోజూ తన పారతో ఎత్తే పేడలోని పురుగు ఈగ పిల్ల అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనను తప్పు పట్టలేను. నర్సింగ్ చదివే రోజుల్లో ఈగ జీవిత చక్రం బొమ్మ గీసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నదాన్ని. కానీ పెంటకుప్పను పుల్లతో కదిలించి చూసింది ఆ రోజే. మూత పెట్టండని చెప్పానే గాని, ఈగ ఎక్కడ పుడుతోందని ఏ తల్లినీ అడగలేదు.

సీసాలో చూసిన పాఠం

వాదించి లాభం లేదని ఒక పని చేశాం. ఖాళీ గాజు సీసాలో రెండు గరిటెల పేడ, అందులో కొన్ని పురుగులు వేసి, పైన కాస్త పొడి మట్టి చల్లి, మూతికి పల్చటి గుడ్డ కట్టాం. దాన్ని నీడలో పెట్టి రోజూ చూడమని పెద్దాయనకు అప్పజెప్పాం. రెండు రోజులకు పురుగులు పైన పొడి మట్టిలోకి చేరి కదలకుండా అయిపోయాయి. ఎర్రగా, తర్వాత గోధుమరంగుగా, చిన్న మాత్రల్లా మారాయి. ఆరో రోజు పొద్దున సీసా నిండా ఈగలు. ఆ సీసా చూడటానికి వీధి వీధంతా వచ్చారట. మేము మళ్ళీ వెళ్ళేసరికి పెద్దాయనే అందరికీ చెబుతున్నారు, "మనం రోజూ ఎత్తిపోసేది ఈగలనే" అని.

ఇది కొత్త విద్య కాదు. 1668లో ఇటలీ దేశంలో ఫ్రాన్సెస్కో రెడి అనే వైద్యుడు సీసాల్లో మాంసం పెట్టి, కొన్నిటికి గుడ్డ కట్టి, కొన్నిటిని తెరిచి ఉంచి చూశాడు. ఈగ వాలిన సీసాల్లోనే పురుగులు పడ్డాయి. కుళ్ళులోంచి పురుగులు వాటంతటవే పుట్టవని, ఈగ గుడ్లలోంచే వస్తాయని ఆయన ఆ విధంగా చూపించాడు. మీ ఇంట్లో, మీ సంఘంలో, బడిలో పిల్లలతో ఈ సీసా ప్రయోగం చేసి చూడండి. వంద ఉపన్యాసాల కంటే ఒక సీసా బాగా పని చేస్తుంది.

ఈగ లెక్క తెలుసుకోండి

ఈగను అదుపు చేయడమంటే రోజుల లెక్క తెలిసి ఉండటమే. మన వేడి వాతావరణంలో ఆ లెక్క ఇలా ఉంటుంది.

1. గుడ్డు: ఆడ ఈగ ఒక్కో విడతకు 75 నుంచి 150 గుడ్లు పెడుతుంది. బియ్యపు నూకలా తెల్లగా, సన్నగా ఉంటాయి. తన జీవితంలో సుమారు 500 గుడ్ల దాకా పెడుతుంది. తడిగా ఉన్న పేడ, దూడల కింద తడిసిన గడ్డి, కుళ్ళిన కూరగాయలు దానికి ఇష్టమైన చోట్లు. గుడ్డు ఒక రోజులోపే పొదుగుతుంది.

2. పురుగు: నాలుగు నుంచి ఏడు రోజులు తడి పేడలో తిని పెరుగుతుంది. తడి లేకపోతే బతకలేదు.

3. గూడు: పెరిగిన పురుగు తడి వదిలి పొడిచోటు వెతుక్కుంటూ కుప్ప అంచులకు, పక్కన ఉన్న గుల్ల మట్టిలోకి పాకిపోతుంది. అక్కడ గోధుమరంగు గూడు కట్టుకుని మూడు నుంచి ఆరు రోజులుంటుంది.

4. ఈగ: గూడు పగలగొట్టుకుని బయటికి వస్తుంది. కొద్ది రోజుల్లోనే మళ్ళీ గుడ్లు పెడుతుంది. రెండు నుంచి నాలుగు వారాలు బతుకుతుంది.

అంతా కలిపి గుడ్డు నుంచి ఈగ దాకా ఎండాకాలంలో 7 నుంచి 10 రోజులు. చలికాలంలో ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది.

ఇందులో మూడో మెట్టును బాగా గమనించండి. పేడ వారం, పది రోజులు పేరబెట్టి ఒక్కసారి పొలానికి తోలితే ఈగలు తగ్గవు. ఎందుకంటే ఆ సరికి పురుగులు కుప్పలో లేవు. పక్క మట్టిలోకి పాకి గూళ్ళలో దాక్కున్నాయి. మీరు తోలింది పేడనే గాని ఈగలను కాదు. అందుకే వారానికి రెండుసార్లు పేడ తీయాలంటున్నాం. పురుగు ఇంకా తడిలో ఉండగానే దాన్ని తీసివేయాలి, లేదా ఎండబెట్టాలి, లేదా కప్పెట్టాలి.

ఒక పూట గేదె రోజుకు సుమారు 15 కిలోల పేడ వేస్తుంది. నాలుగు గేదెలున్న ఇంట్లో వారానికి నాలుగు క్వింటాళ్ళ పైమాటే. చేతిలో పట్టేంత పేడలోనే ఎన్నో పురుగులు పెరగగలిగినప్పుడు, నాలుగు క్వింటాళ్ళలో ఎన్ని పెరుగుతాయో మీరే లెక్క వేసుకోండి. చేత్తో కొట్టి, గుడ్డతో తోలి వాటిని తగ్గించడం అయ్యే పని కాదు.

రోగం ఎలా మోస్తుంది?

పేడలో పుట్టినంత మాత్రాన ఈగ రోగం తేదు. అది రోగం ఎత్తుకునేది ముఖ్యంగా మనిషి మలం మీద. ఈగ కాళ్ళనిండా నూగు, పాదాల కింద జిగురు ఉంటాయి. మలం మీద వాలినప్పుడు రోగక్రిములు వాటికి అంటుకుంటాయి. కడుపులోకి కూడా పోతాయి. ఈగకు పళ్ళు లేవు, గట్టి పదార్థం తినలేదు. బెల్లం మీద, అన్నం మీద వాలి, కడుపులో ఉన్నది కాస్త కక్కి, దాన్ని కరిగించి పీల్చుకుంటుంది. అక్కడే విసర్జిస్తుంది కూడా. రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా అనే క్రిమి వంద లోపు కడుపులోకి పోయినా చాలు, జబ్బు చేస్తుంది. విరేచనాలు, టైఫాయిడ్, కలరా, నులిపురుగుల గుడ్లు, కళ్ళకలక, ఇవన్నీ ఈగ ఎక్కించుకుని తిరిగే సరుకు. ట్రకోమా అనే కంటిజబ్బు వ్యాపించడంలో కూడా ఈగల పాత్ర ఉంది. మన దేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. శుభ్రత వల్ల ఎంత మేలు జరుగుతుందో దీనివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఇంటి సంగతికి వస్తాను. ఆ అమ్మాయిని మెల్లగా ఇంకొక ప్రశ్న అడిగాను. "బాబు దొడ్డికి వెళ్తే ఎక్కడ పారేస్తావమ్మా?" అన్నాను. "పసిబిడ్డదే కదా సిస్టరమ్మా, పెంటకుప్ప మీద వేస్తాను" అంది. ఇంట్లో మరుగుదొడ్డి ఉంది. పెద్దవాళ్ళందరూ వాడుతున్నారు. కానీ పసిబిడ్డ మలంలో దోషం ఉండదని మన తల్లుల నమ్మకం. నిజానికి విరేచనాలయ్యే బిడ్డ మలంలో క్రిములు పెద్దవాళ్ళ కంటే తక్కువేమీ ఉండవు. ఈగ పుట్టేదీ ఆ కుప్పలోనే, క్రిమిని ఎత్తుకునేదీ ఆ కుప్ప మీదే. అక్కడి నుంచి ఉయ్యాల దాకా పది అడుగులు. బాబు మూడుసార్లు ఆసుపత్రికి ఎందుకు వచ్చాడో నాకు అప్పుడు అర్థమయింది.

ఈగలు తగ్గితే విరేచనాలు తగ్గుతాయా అని కొందరు అడుగుతారు. పాకిస్తాన్ పల్లెల్లో జరిగిన ఒక పరిశోధన 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఈగలను అదుపు చేసిన ఊళ్ళలో పిల్లల విరేచనాలు 23 శాతం తగ్గాయని అందులో తేలింది. అంటే దాదాపు నాలుగో వంతు. అందువల్ల చేతులు కడగడం, నీళ్ళు కాచడం మానకూడదు. వాటితోపాటు ఈగల సంగతి కూడా చూడాలి.

పాడికి కూడా నష్టమే

బిడ్డల మాట అలా ఉంచి, పాడి రైతుకు ఈగ వల్ల వేరే నష్టాలున్నాయి. ఈగలు పొదుగు మీద, చన్ను కొనల మీద వాలి ఒక గేదె నుంచి మరొక గేదెకు పొదుగువాపు క్రిములను మోయగలవు. దూడల కళ్ళ కలకలు కూడా ఇలాగే పాకుతాయి. పాల తపేలాలో ఒక ఈగ పడితే ఆ పాలలో క్రిములు త్వరగా పెరిగి, పాలు విరగవచ్చు. చచ్చిన ఈగ సువాసన తైలాన్ని కూడా చెడగొడుతుందని ప్రసంగి గ్రంథంలో చదువుతాం. పాల విషయంలో అది అక్షరాలా నిజం.

చావిడిలో ఇంటి ఈగతోపాటు కుట్టే ఈగ కూడా ఉంటుంది. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. కుట్టే ఈగకు ముందుకు పొడుచుకు వచ్చిన సూదిలాంటి ముక్కు ఉంటుంది. పశువుల కాళ్ళ మీద ఎక్కువగా వాలి రక్తం పీలుస్తుంది. గేదె పదే పదే కాళ్ళు తాటిస్తూ, తోక కొట్టుకుంటూ ఉంటే ఇవి ఉన్నాయని అర్థం. నెమ్మదిగా మేయని పశువు పాలు తగ్గిస్తుంది. 2019లో మన దేశంలో మొదటిసారి కనిపించి, 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో ఎన్నో ఆవులను పొట్టన పెట్టుకున్న ముద్దచర్మ వ్యాధిని వ్యాపింపజేసేవాటిలో కుట్టే ఈగలు, దోమలు, పిడుదులు ఉన్నాయి. కుట్టే ఈగ పేడ కలిసిన తడి గడ్డిలో పెరుగుతుంది. కాబట్టి కింద చెప్పే పనులు రెండు ఈగలకూ పని చేస్తాయి.

రైతులు చేయవలసిన పనులు

1. వారానికి రెండుసార్లు పేడ తరలించండి. బుధవారం, శనివారం అని పెట్టుకుంటే మరిచిపోరు. శనివారం ఆ పని అయితే ఆదివారం ఆరాధనకు వెళ్ళేసరికి చావిడి కూడా శుభ్రంగా ఉంటుంది. పొలం దగ్గరుంటే అక్కడికి తోలి పల్చగా చల్లండి. పల్చగా ఎండిన పేడలో పురుగు బతకదు.

2. తోలే వీలు లేకపోతే కప్పండి. ఒక గేదెతో బతికే ఇంటికి బండి, పొలం ఎక్కడివి? అలాంటివారు కుప్పను గుండ్రంగా, గట్టిగా పేర్చి, చిరుగులు లేని పాలిథిన్ పట్టా కప్పి, అంచుల మీద చుట్టూ మట్టి వేయండి. పేడ కుళ్ళేటప్పుడు కుప్ప లోపల బాగా వేడి పుడుతుంది. ఆ వేడికి పురుగులు చచ్చిపోతాయి. అందుకే అవి ఎప్పుడూ పైపొరలో, అంచుల్లో ఉంటాయి. పట్టా కప్పితే ఆ పైపొర కూడా వేడెక్కుతుంది. కొత్త ఈగ గుడ్డు పెట్టే దారీ ఉండదు. ఎరువు కూడా బాగా మాగుతుంది.

3. కుప్ప కింద నేల గట్టిగా ఉండాలి. వీలైతే సిమెంటు గచ్చు, లేకపోతే దిమ్మిస కొట్టిన నేల. చుట్టూ జానెడు వెడల్పు కాలువ తీసి నీళ్ళు నిలపండి. గూడు కట్టుకోవడానికి పాకే పురుగులు అందులో పడతాయి. దోమలు పెరగకుండా వారానికోసారి ఆ నీళ్ళు తీసి పారబోయండి. కోళ్ళు ఉంటే కుప్ప అంచులు గెలకనివ్వండి. అవి పురుగులను ఏరుకు తింటాయి.

4. దూడల చోటు మరవకండి. పాలు తాగే దూడ పేడ మెత్తగా, పులిసిన వాసనతో ఉంటుంది. కింద వేసిన గడ్డి ఉచ్చతో నానుతుంది. ఈగకు అంతకంటే మంచి చోటు దొరకదు. దూడల కింద గడ్డి రెండు రోజులకోసారి మార్చండి. గాడి కింద ఒలికిన తవుడు, కుడితి తొట్టి చుట్టూ బురద కూడా అలాంటివే.

5. పిడకలు ఎండలోనే వేయండి. మంచి ఎండలో పల్చటి పిడక త్వరగా ఆరిపోతుంది. ముసురు రోజుల్లో గోడకు కొట్టిన మందపాటి పిడకలు రోజుల తరబడి పచ్చిగా ఉండి పురుగు పడతాయి. వానాకాలంలో పిడకలు మాని ఆ పేడను కప్పెట్టడం మేలు.

6. గోబర్ గ్యాస్ ఆలోచించండి. రెండు ఘనపు మీటర్ల గ్యాస్ ప్లాంటుకు రోజుకు సుమారు 50 కిలోల పేడ కావాలి. నాలుగు గేదెలున్న ఇంటికి అది సరిపోతుంది. పేడ పచ్చిగా ఉండగానే తొట్టిలోకి పోతుంది కాబట్టి ఈగకు అవకాశం ఉండదు. వంటకు గ్యాస్, పొలానికి ఎరువు రెండూ వస్తాయి.

7. పసిబిడ్డల మలం మరుగుదొడ్డిలోనే వేయండి. డైపర్లు కూడా కుప్ప మీద పడేయకండి. ఈ ఒక్క పనికి ఖర్చు ఏమీ లేదు. ఫలితం మాత్రం అన్నిటికంటే ముందు కనిపిస్తుంది.

8. పాలు పితికేటప్పుడు: పొదుగు కడిగి తుడవండి. పితికిన వెంటనే పాలను శుభ్రమైన గుడ్డతో వడగట్టి మూత పెట్టండి. చావిడిలో ఫ్యాను పెట్టగలిగితే పితికే వేళ వేయండి. గాలి వేగానికి ఈగ వాలలేదు.

మిగిలిన ఈగలకు జిగురు తాళ్ళు

ఇన్ని చేసినా కొన్ని ఈగలు ఉంటాయి. వాటికి మన ఇళ్ళలో దొరికే వస్తువులతోనే జిగురు తయారు చేసుకోవచ్చు. రెండు పాళ్ళు గుగ్గిలం, ఒక పాలు ఆముదం కలిపి తేనెపాకం వచ్చేదాకా సన్నటి సెగ మీద కాచాలి. గుగ్గిలం తొందరగా అంటుకుంటుంది కాబట్టి ఆరుబయట, పిల్లలు దగ్గర లేనప్పుడు కాచండి. గోరువెచ్చగా ఉండగా పాత అట్టలకు, తాళ్ళకు పూసి చావిడి కప్పు నుంచి వేలాడదీయండి. రాత్రి ఈగలు వేలాడే తాళ్ళ మీద, వాసాల అంచుల మీద నిద్రపోతాయి. అందుకే తాళ్ళకు ఎక్కువ ఈగలు చిక్కుతాయి. ఉయ్యాలలో పడుకున్న బిడ్డకు మాత్రం దోమతెర ఒక్కటే సరైన రక్షణ. పగలు కూడా కట్టండి.

ఈగలు తగ్గాయో లేదో తెలుసుకోవడానికి ఒక చిట్కా ఉంది. పాత పెళ్ళికార్డు తెల్లటి వైపు పైకి ఉండేలా చావిడిలో ఈగలు ఎక్కువగా వాలే దూలానికి కొట్టండి. వారం తర్వాత దాని మీద పడిన నల్ల మచ్చలు లెక్కపెట్టండి. వందకు మించి ఉంటే ఈగలు ఎక్కువగా ఉన్నట్టు. ప్రతి వారం కొత్త కార్డు పెట్టి లెక్క రాసుకోండి. లెక్కపెట్టే పని పిల్లలకు అప్పజెబితే ఇష్టంగా చేస్తారు.

మందుల విషయంలో జాగ్రత్త

ఈగల కోసం పంటలకు కొట్టే పురుగుమందు చావిడిలో చల్లడం చాలా ఊళ్ళలో చూస్తున్నాం. దయచేసి ఆ పని చేయవద్దు. పురుగుమందు మేతలో, నీళ్ళలో, పొదుగు మీద పడి పాలలోకి వస్తుంది. ఆ పాలు మొదట తాగేది మీ బిడ్డలే. ఇప్పటికీ కొందరు గమాక్సిన్ పొడి కావాలని అడుగుతుంటారు. పూర్వం ఆ పేరుతో అమ్మిన బీహెచ్‌సీని మన దేశంలో 1997లోనే నిషేధించారు. డైక్లోర్‌వాస్ అనే మందును, ఫోరేట్ గుళికలను 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. పాత సీసాలు, డబ్బాలు ఇంట్లో ఉంటే వాడకండి.

పైగా మందులకు ఈగ తొందరగా అలవాటు పడుతుంది. డీడీటీ వచ్చిన కొత్తలో ఈగల పీడ వదిలిందని అందరూ సంబరపడ్డారు. కొద్ది సంవత్సరాల్లోనే డీడీటీకి చావని ఈగలు పుట్టాయి. ఎండకు, వేడికి మాత్రం ఏ ఈగ పురుగూ అలవాటు పడలేదు. మందు తప్పనిసరి అయితే పశువైద్యుణ్ణి అడిగి, పశువుల చావిడికి పనికివచ్చే మందునే, ఆయన చెప్పిన కొలతలోనే వాడండి. కుప్ప మీద బ్లీచింగ్ పౌడరు చల్లడం వల్ల కూడా పెద్ద ఉపయోగం లేదు. పేడలో కలవగానే దాని బలం పోతుంది.

పొరపాటున ఎవరికైనా పురుగుమందు సోకి, చొంగ కారడం, వాంతులు, చెమటలు, కండరాలు అదరడం, ఆయాసం కనిపిస్తే తడిసిన బట్టలు తీసి, ఒళ్ళు సబ్బుతో కడగండి. వాంతి చేయించకండి. మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 108కి ఫోన్ చేయండి.

బిడ్డకు విరేచనాలైతే

మొదటి విరేచనం నుంచే ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచాతో కొద్ది కొద్దిగా పట్టించండి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి. తల్లిపాలు ఆపవద్దు. తినే బిడ్డకు అన్నం ఆపవద్దు. జింక్ మాత్రలు డాక్టరు లేదా ఆశా కార్యకర్త చెప్పినట్టు 14 రోజులు వేయండి. ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆరు నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు. విరేచనాలు కట్టినా మధ్యలో మానవద్దు. పాలసీసా బదులు గిన్నె, చెంచా వాడండి. సీసా పీక కడగడం కష్టం, ఈగ వాలడం సులువు. మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మగతగా ఉన్నా, కళ్ళు లోపలికి పోయినా, ఏమీ తాగలేకపోయినా, తాగినదంతా కక్కేస్తున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఒక్క ఇంటి పని కాదు

ఈగ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు సులువుగా ఎగరగలదు. నా కుప్ప కప్పి, పక్కింటి కుప్ప వదిలేస్తే ఈగలు మా ఇంటికే వస్తాయి. కాబట్టి ఇది వీధి వీధంతా కలిసి చేయవలసిన పని. మహిళా సంఘాలు, పాల కేంద్రం సభ్యులు, సంఘ కాపరులు పూనుకుంటే జరుగుతుంది.

ఇతరులకు చెప్పేముందు మన సంగతి కూడా చెప్పాలి. ఆ ఊరి నుంచి తిరిగి వచ్చిన మర్నాడు మన ఆసుపత్రి ఆవరణ అంతా తిరిగి చూశాం. మొట్టమొదట పురుగులు దొరికింది మన క్యాంటీన్ వెనక చెత్తగుంటలోనే. అదీ పిల్లల వార్డు కిటికీలకు ఎదురుగా. సిగ్గుపడ్డాం. ఇప్పుడు ఆ చెత్త రోజూ తీయిస్తున్నాం. వార్డు కిటికీలకు మెష్ కొట్టించాం.

ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఉన్నప్పుడు మలాన్ని పాళెము వెలుపల గుంట తవ్వి కప్పెట్టాలని దేవుడు వారికి ఆజ్ఞాపించినట్టు ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయంలో చదువుతాం. అక్కడ ఆయన వారికి ఒక పనిముట్టు కూడా దగ్గర ఉంచుకోమన్నాడు. ప్రార్థన చేస్తూనే పార కూడా పట్టాలని నేను ఆ మాటల నుంచి నేర్చుకున్నాను.

పెద్దాయన ఇప్పుడు బుధవారం, శనివారం పేడ తరలిస్తున్నారు. కుప్పను చావిడికి దూరంగా మార్చి పట్టా కప్పారు. ఈగలు పూర్తిగా పోలేదు. పక్క వీధిలో రెండు కుప్పలు ఇంకా తెరిచే ఉన్నాయి. అయితే ఆ ఏడాది వానాకాలం అయిపోయేదాకా బాబు మళ్ళీ వార్డుకు రాలేదు. క్రిస్మస్ ముందు టీకా కోసం తల్లి తీసుకువచ్చింది. వరండాలో నిలబడి నా చేతిలో ఉన్న కాగితాలు లాక్కోబోయాడు. పెద్దాయన పాలు వడగట్టి మూత బిగించిన క్యానుతో వెనకే వచ్చారు. "చూసుకోండి అమ్మగారూ, ఒక్క ఈగ కూడా లేదు" అన్నారు.

గుర్తుంచుకోండి

• పేడలోని తెల్ల పురుగే ఈగ పిల్ల.
• వారానికి రెండుసార్లు పేడ తీయండి, లేదా ఎండబెట్టండి, లేదా కప్పండి.
• పసిబిడ్డ మలం మరుగుదొడ్డిలోనే వేయండి.
• చావిడిలో పంట మందులు చల్లకండి.
• విరేచనాలు మొదలైన వెంటనే ఓఆర్ఎస్, 14 రోజులు జింక్.

ప్రభువు మీ బిడ్డలను, మీ పాడిపంటలను కాపాడును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్